వాలుపలకపై అయస్కాంతము మెల్లగా జారుట ఏల?

గ్రామములలో శాస్త్రజ్ఞానము వ్యాపించుటకు పెద్ద ప్రయోగశాలలు అక్కరలేదు. ఒక బండయు, ఒక లోహపు పలకయు, ఒక అయస్కాంతమును చాలును. స్వయముగా పరీక్షించి చూచుటకు అలవడిన వారిని మోసగించుట కష్టము. కావున కొండాపురము, జమ్మలమడుగు ప్రాంతముల పంచాయతీ సభ్యులు తమ ఊరి బడిలో చేయించదగిన ఒక చిన్న పరీక్షను ఇచట వివరించుచున్నాము.

నునుపు చేసిన కడప బండ నొకదానిని, దళసరి అల్యూమినియము పలక నొకదానిని తీసికొని, రెంటిని ఒకే వాలుగా, సుమారు 45 డిగ్రీల ఏటవాలున నిలుపవలెను. బలము గల నియోడిమియము అయస్కాంతపు బిళ్ళను బండపై విడిచినచో అది జర్రున జారిపోవును. దానినే అల్యూమినియము పలకపై విడిచినచో, చిక్కని పానకములో దిగుచున్నట్లు మెల్లమెల్లగా జారును. అంతే మందము గల రాగి పలకపై ఇంకను మెల్లగా జారును.

పలక గరుకుగా నున్నదేమో యని సందేహము కలుగవచ్చును. అదే పలకపై నున్నని రాతిబిళ్ళను విడిచి చూడుడు. అది వడిగానే జారును. పలక అయస్కాంతమును పట్టుకొనుచున్నదా యన్నచో, అదియు కాదు. పలకను నేలపై పరచి, అయస్కాంతమును దానిపై నుంచి ఎత్తినచో ఏ పట్టును లేకుండ పైకి వచ్చును. ఇనుపరేకైనచో గట్టిగా అంటుకొనును.

మరి కారణమేమి? అయస్కాంతము కదలినపుడు దాని చెంతనున్న లోహములో విద్యుత్తు పుట్టును. ఈ సంగతిని 1831లో ఇంగ్లండులో మైకేల్ ఫారడే కనుగొనెను. అట్లు పుట్టిన విద్యుత్తు తన్ను పుట్టించిన కదలికనే అడ్డగించునని 1834లో లెంజ్ అను శాస్త్రజ్ఞుడు తెలిపెను. పలకలో ఆ విద్యుత్తు ఏటిసుడివలె గుండ్రముగా తిరుగును గనుక దానిని సుడి ప్రవాహమందురు. అది తానే ఒక అయస్కాంతమువలె పనిచేసి, జారు బిళ్ళను ముందునుండి నెట్టుచు, వెనుకనుండి లాగుచు నుండును. బండలో విద్యుత్తు ప్రవహింపదు గనుక అచట ఈ అడ్డు లేదు. పలకకు రంపముతో దగ్గరదగ్గరగా చీలికలు కోసినచో సుడులు తెగి, బిళ్ళ మునుపటికంటె వడిగా జారును.

వేగము హెచ్చిన కొలది అడ్డును హెచ్చును. కదలిక లేనిచో అడ్డే లేదు. కావున ఈ అడ్డు బిళ్ళను నడుమ ఆపివేయజాలదు. అది కొలది దూరములోనే ఒకే వేగమునకు వచ్చి తుదివరకు జారును.

ఇది కేవలము వినోదము కాదు. చక్రము తిరుగు పాత కరెంటు మీటర్లను మీరు చూచియుందురు. ఆ చక్రము అల్యూమినియపు రేకు. ఒక అయస్కాంతము దానిని తాకకయే అదుపుచేసి, కరెంటు వాడుకకు తగిన వేగముననే తిరుగునట్లు చేయును. కొండాపురము స్టేషను మీదుగా పోవు రైళ్ళు ముఖ్యముగా ఒరిపిడి బ్రేకులతో ఆగును. జపాను, జర్మనీ దేశములలోని కొన్ని వేగరైళ్ళకు ఒరిపిడి లేని సుడి ప్రవాహపు బ్రేకులను గూడ అమర్చిరి.

కారణమెరుగని వారికి ఇట్టి వింత మహిమగా తోచును. ఆ ఆశ్చర్యమునే కొందరు మోసగాండ్రు సొమ్ము చేసికొనుచున్నారు. పిడుగు పడిన రాగిపాత్ర బియ్యపు గింజలను ఆకర్షించుననియు, అది కోట్లు పలుకుననియు నమ్మించి, 'రైస్ పుల్లింగ్' పేరున అమాయకులను దోచుకొనిన కేసులను మన రాష్ట్రములోను, పొరుగు రాష్ట్రములలోను పోలీసులు నమోదు చేసిరి. గింజలకు ఇనుపరజను పట్టించి, పాత్రలో అయస్కాంతము దాచుట ఇందలి ఒక కిటుకు. కదలక యున్న అయస్కాంతమునే పట్టుకొనలేని రాగి, బియ్యమును ఎట్లు లాగును?

కావున సభ్యులు ఈ పరీక్షను బడిలో పిల్లలచేతను, సభలో పెద్దల ఎదుటను చేయింపవలెను. చిన్న అయస్కాంతములను పసిపిల్లలకు అందనీయరాదు, మ్రింగినచో ప్రాణాపాయము. మహిమగల పాత్ర యని ఎవరైన ఊరిలోనికి వచ్చినచో, పైకము చేతులు మారకమునుపే పోలీసులకు తెలుపుడు. కష్టార్జితము పోయిన పిమ్మట విచారించుటకంటె, ముందుగా కారణమడుగుట మేలు.