కోటు మీది పాపీ పువ్వు ఎవరి కోసం?

లండన్‌లో చదువుకుంటున్న మా మేనకోడలు పోయిన నవంబరులో ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఒక ఫొటో పెట్టింది. కోటు మీద ఎర్ర కాగితం పువ్వు, నడుమ నల్ల బొట్టు. చోడవరంలో మా వీధి అరుగు మీద ఆ ఫొటో నాలుగు చేతులు మారేసరికి నాలుగు మాటలు పుట్టాయి. నల్లమందు పువ్వని ఒకరు, ఇంగ్లీషువాళ్ల వ్యవహారం మనకెందుకని ఇంకొకరు. తెల్ల పువ్వు పెట్టుకుంటే సైనికుల్ని అవమానించినట్టేనని ఎక్కడో విన్నవారు మరొకరు. ఆ పువ్వు వెనక యుద్ధంలో చనిపోయిన మనుషులున్నారు, వాళ్లలో మనవాళ్లూ ఉన్నారు. అందుకే ఈ మాటల్ని విని ఊరుకోలేకపోయాను.

అపోహ: అది నల్లమందు పువ్వు.

కాదు, దాని చుట్టం. మన వంటింటి గసగసాలూ, నల్లమందూ వచ్చే మొక్క వేరు. జ్ఞాపకానికి పెట్టుకునేది ఐరోపా గోధుమ చేలల్లో కలుపుగా మొలిచే ఎర్ర పాపీ. దాని గింజలు మట్టిలో ఏళ్ల తరబడి నిద్రపోతాయి. నేల కదిలితే, వెలుగు తగిలితే లేస్తాయి. మొదటి ప్రపంచ యుద్ధంలో ఫిరంగి గుండ్లు బెల్జియం, ఫ్రాన్సు పొలాల్ని దున్నేశాయి. సమాధుల మధ్య ఆ పువ్వులే విచ్చుకున్నాయి. 1915లో కెనడా సైనిక వైద్యుడు జాన్ మెక్‌క్రే వాటిని చూసి కవిత రాశాడు. అది చదివిన అమెరికా ఉపాధ్యాయురాలు మొయినా మైకేల్ 1918లో పాపీ పెట్టుకోవడం మొదలుపెట్టింది. ఫ్రాన్సు మహిళ ఆనా గెరాన్ ఆ ఆలోచనను దేశదేశాలకూ మోసుకెళ్లింది. 1921 నుంచి బ్రిటిష్ లీజియన్ పాపీలు పంచి, వచ్చిన డబ్బును మాజీ సైనికులకూ, వాళ్ల కుటుంబాలకూ వాడుతోంది.

ఎరుపంటే నెత్తురు, నలుపంటే దుఃఖం, ఆకు పదకొండు గంటల వైపే ఉండాలి, మగవాళ్లు ఎడమన, ఆడవాళ్లు కుడిన పెట్టుకోవాలి అని కూడా చెబుతుంటారు. అలాంటి నియమమేదీ లేదు. చేలో పువ్వు ఎర్రగా ఉంటుంది కాబట్టి కాగితం పువ్వూ ఎర్రగా ఉంది, అంతే.

అపోహ: అది తెల్లవాళ్ల పువ్వు.

నన్ను ఎక్కువ నొప్పించే మాట ఇది. మొదటి ప్రపంచ యుద్ధానికి మన దేశం నుంచి పదమూడు లక్షల మందికి పైగా వెళ్లారు. సుమారు 74,000 మంది తిరిగి రాలేదు. ఫ్రాన్సులోని నవ్ షాపెల్ స్మారకం మీద 4,700 మందికి పైగా భారతీయుల పేర్లున్నాయి. మన కోస్తా జిల్లాలు అప్పుడు మద్రాసు ప్రెసిడెన్సీలోవే. పశ్చిమ గోదావరిలో తాడేపల్లిగూడెం దగ్గరున్న మాధవరాన్ని జనం నేటికీ 'మిలటరీ మాధవరం' అనే పిలుస్తారు. ఆ ఊరివాళ్లు రెండు ప్రపంచ యుద్ధాల్లోనూ ఉన్నారు. యుద్ధం ముగిసి నూరేళ్లయిన 2018లో, భారతీయ సైనికుల గుర్తుగా బ్రిటన్‌లో ఖద్దరు పాపీ కూడా వచ్చింది. ఇక్కడైతే పాపీకి తోడు బంతిపూవును మన జ్ఞాపక పుష్పంగా నిలబెట్టాలని ఢిల్లీలోని యునైటెడ్ సర్వీస్ ఇన్‌స్టిట్యూషన్ ప్రయత్నించింది. నాకు ఆ ఆలోచన మనసుకు పట్టింది. గుమ్మానికి కట్టేదీ అదే, దేవుడికి వేసేదీ అదే, కడసారి సాగనంపేటప్పుడు చల్లేదీ అదే.

అపోహ: తెల్ల పాపీ సైనికుల్ని కించపరుస్తుంది.

1933లో దాన్ని మొదలుపెట్టింది బ్రిటన్‌లోని కోఆపరేటివ్ విమెన్స్ గిల్డ్. వాళ్లలో చాలామంది ఆ యుద్ధంలో భర్తనో, కొడుకునో, అన్ననో పోగొట్టుకున్న ఆడవాళ్లు. యుద్ధంలో పోయిన అందరినీ, మామూలు జనాన్ని కూడా తలుచుకోవాలనీ, ఇంకో యుద్ధం రాకూడదనీ వాళ్ల కోరిక. దాన్ని వ్యతిరేకించేవారున్నారు, ఆ వాదం ఇంకా నడుస్తోంది. కానీ కొడుకుని పోగొట్టుకున్న తల్లి పెట్టుకున్న పువ్వును అవమానమని ఎలా అంటాం? మామూలు జనం సంగతికొస్తే, 1942 ఏప్రిల్ 6న జపాను విమానాలు మా విశాఖ మీద బాంబులు వేశాయి. యుద్ధం ఊరి మీదికే వస్తే యూనిఫాం లేనివాళ్లు ఎంత నిస్సహాయులో ఈ ప్రాంతానికి ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇంకా వేరే రంగుల పాపీలూ ఉన్నాయి. ఊదా పాపీ వేళాకోళం కాదు, యుద్ధంలో చచ్చిన జంతువుల కోసం. 1915లో గల్లిపోలీ కొండల మీదికి మన సైన్యపు కంచర గాడిదలు నీళ్లూ మందుగుండూ మోశాయి. నల్ల పాపీ చావుకు గుర్తని చాలామంది అనుకుంటారు. 2010లో మొదలైన బ్లాక్ పాపీ రోజ్ మాత్రం ఆఫ్రికా, కరీబియన్, పసిఫిక్ దీవుల జాతులు యుద్ధాల్లో చేసిన సేవకు గుర్తు. ఒక రంగు పెట్టుకున్నంత మాత్రాన ఇంకో రంగును కాదన్నట్టు కాదు. ఎరుపూ తెలుపూ పక్కపక్కన పెట్టుకునేవాళ్లూ ఉన్నారు.

ఇక మన ఇంటి అపోహ. ఏటా డిసెంబరు 7న బళ్లలో, ఆఫీసుల్లో చొక్కాకు గుచ్చే చిన్న కాగితం జెండా ఉంది కదా, దాని డబ్బు తుపాకులకు పోతుందని అనుకునేవాళ్లున్నారు. 1949లో రక్షణ మంత్రి కమిటీ ఆ రోజును ఎంచుకున్నది మాజీ సైనికులు, వీరమరణం పొందినవారి భార్యాపిల్లలు, యుద్ధంలో అవయవాలు పోగొట్టుకున్నవారి సంక్షేమం కోసం. జిల్లాల్లో ఆ నిధి సేకరణను సైనిక సంక్షేమ కార్యాలయాలు చూస్తాయి.

ఆ జెండా ఒకటి నా పాత డైరీలో ఉంది. గుండుసూది తుప్పు పట్టి కాగితం మీద గోధుమరంగు మచ్చ పడింది. మూడు పట్టీలు మాత్రం పోల్చుకోవచ్చు. ఫొటో తీసి మేనకోడలికి పంపాను.

"మావయ్యా, ఎరుపు ఆర్మీ, ముదురు నీలం నేవీ అనుకుంటా. ఈ లేత నీలం ఎవరిది?" అని అడిగింది.

"ఆకాశంలో ఎగిరేవాళ్లదమ్మా" అని రాశాను.