ఉప్పల్ దాటితే గుట్టలే

ఉప్పల్ రింగ్‌రోడ్డు అనగానే మనకు గుర్తొచ్చేవి రెండే: వరంగల్ బస్సు, క్రికెట్ మ్యాచ్ రోజు ట్రాఫిక్. నాచారం అంటే ఫ్యాక్టరీల షిఫ్టులు, ఎన్టీఆర్ కట్టించిన రామకృష్ణా స్టూడియో. సెలవు గడపడానికి ఇక్కడికి వచ్చేవాళ్లెవరూ ఉండరు. కానీ సెలవు గడపడానికి ఇక్కణ్నుంచి బయల్దేరితే మాత్రం నగరంలో ఇంతకన్నా మంచి చోటు లేదని నా అభిప్రాయం.

సెలవుల చోటంటే ఎలా ఉంటుందో ఆల్ప్స్‌ను చూస్తే తెలుస్తుంది. ఆ కొండల పల్లెలెన్నో ఏడాది పొడవునా సెలవుల మీదే బతుకుతాయి. చలికాలం మంచు మీద స్కీయింగ్, ఎండాకాలం కొండబాటల నడక, సైకిలు, రాక్ క్లైంబింగ్. మన తూర్పు వైపు మంచు లేదు గానీ మిగిలినవన్నీ ఉన్నాయి. పైగా మన రాయి వయసులో ఆల్ప్స్‌కు అందనంత పెద్దది. ఆ పర్వతాలు పైకి లేచింది కొన్ని కోట్ల ఏళ్ల కిందటే. హైదరాబాద్ చుట్టూ ఉన్న గ్రానైట్‌ది దాదాపు 250 కోట్ల ఏళ్ల వయసు. ఈ రాళ్ల లెక్కలు తేల్చే జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ, ఎన్‌జీఆర్‌ఐ 1961 నుంచీ పనిచేస్తోంది, ఉండేది ఉప్పల్ రోడ్డులోనే. ఎవరెస్టు ఎత్తు లెక్కగట్టిన సర్వే ఆఫ్ ఇండియా శిక్షణ సంస్థ కూడా ఉప్పల్‌లోనే ఉంది.

ఇక్కణ్నుంచి ఘట్‌కేసర్, బీబీనగర్ మీదుగా సుమారు 40 కిలోమీటర్లు పోతే భువనగిరి. ఊరి మధ్యలో గుడ్డు ఆకారంలో, దాదాపు 500 అడుగుల ఎత్తున ఒకే ఒక్క బండ. చాళుక్య రాజు త్రిభువనమల్ల విక్రమాదిత్యుడు దాని మీద కోట కట్టించాడు, ఊరికి పేరూ ఆయనదే. ఆ బండ దగ్గరే రాక్ క్లైంబింగ్ స్కూలు నడుస్తోంది.

తెలంగాణ రావడానికి సరిగ్గా ఎనిమిది రోజుల ముందు, 2014 మే 25న, మాలావత్ పూర్ణ, ఆనంద్ కుమార్ ఎవరెస్టు ఎక్కారు. పూర్ణకు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు. ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలు. తొలి పాఠాలు భువనగిరి బండ మీదే, శేఖర్‌బాబు బచినేపల్లి దగ్గర నేర్చుకున్నారు. తర్వాత డార్జిలింగ్, లదాఖ్. 2022లో పూర్ణ ఏడు ఖండాల అత్యున్నత శిఖరాలూ పూర్తి చేసింది. ఇంత కథకు మొదలు మన వరంగల్ రోడ్డు పక్కనుందని బస్సులో కిటికీ పక్కన కూర్చున్నవాళ్లలో ఎందరికి తెలుసు?

ఈ బండ ఎక్కాలంటే కాలంతో పాటు గడియారమూ చూసుకోవాలి. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా పొద్దంతా ఎక్కొచ్చు. రాయి చల్లగా, పొడిగా ఉండి బూటు అడుగు అతుక్కుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో పదిగంటలకే బండ అట్లపెనంలా కాలుతుంది, అరచేతులు చెమటకు జారతాయి. తెల్లవారుజామున మొదలుపెట్టి ఎండ ముదరకముందే దిగిపోవాలి. వానాకాలం వాలుబండ మీద పాచి పడుతుంది. అప్పుడు తాడు పని కట్టిపెట్టి, కోట మెట్లెక్కి నీళ్లు నిండిన గుంటలు చూసి రావడమే మేలు. పైనుంచి చూస్తే వరిమళ్లు, చెరువులు తళతళలాడేదీ అప్పుడే.

నడక ఇష్టమైతే రాచకొండ ఉంది. ఆ పేరును ఉప్పల్ వాళ్లు ఏళ్లపాటు పోలీసు కమిషనరేట్ బండ్ల మీదే చదివారు. అసలు రాచకొండ పద్నాలుగో శతాబ్దపు రేచర్ల పద్మనాయకుల రాజధాని. ‘రసార్ణవసుధాకరం’ రాసిన సింగభూపాలుడు ఏలిన చోటు. గుట్టలు, అడవి, కూలిన ద్వారాలు. తోడు లేకుండా పోకూడదు. సైకిలు వాళ్లకు ప్రతాపసింగారం వైపు మూసీ పక్క దారులున్నాయి. చుట్టూ పచ్చని పొలాలే, అయితే మురుగు కంపు మాత్రం భరించాల్సిందే. ఆ నదిని అలా చేసింది నగరమే.

అడ్డంకి ఒక్కటే, రోడ్డు. ఉప్పల్ నుంచి నారపల్లి దాకా 2018లో మొదలుపెట్టిన ఎలివేటెడ్ కారిడార్ పనులు ఏళ్లకేళ్లు సాగాయి. ఆ దుమ్ములో ప్రయాణించిన వాళ్లకు కొండెక్కడం పెద్ద కష్టమనిపించదు! ఖర్చు సంగతికొస్తే, 2023 డిసెంబరు 9 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు టికెట్టే లేదు. నాచారంలో కుట్టుమిషను ముందు వారమంతా కూర్చునే అమ్మాయి రూపాయి చార్జీ లేకుండా భువనగిరి గుట్ట కిందికి చేరొచ్చు. 

భువనగిరికి రోప్‌వే వేయాలన్న ఆలోచన చాన్నాళ్ల నాటిదే. పెద్దవాళ్లకు, కాళ్లు సహకరించని వాళ్లకు అది అవసరమే, కాదనను. అయితే క్లైంబింగ్ నేర్చుకునే వైపు బండ జోలికి మాత్రం పోకూడదు. అక్కడ ఒక్క స్తంభం పాతినా పోయేది మళ్లీ రాదు.

ఈ ఆదివారం వెళ్లాలనుకుంటే తొలి బస్సే పట్టుకోండి. గట్టి బూట్లు వేసుకోండి, మనిషికి రెండు లీటర్ల నీళ్లు పట్టుకెళ్లండి. హార్నెస్, హెల్మెట్, నేర్పే మనిషి లేనప్పుడు మాత్రం మెట్లదారి వదలొద్దు. ఖాళీ సీసాలు మీతోనే కిందికి తీసుకురండి.