యుద్ధవిమానానికి ప్రతిరూపం: గుండు లేని మరతుపాకి

జెర్సీ సిటీ పరిసరాలలోని తెలుగు కుటుంబాలకు లిబర్టీ స్టేట్ పార్కు సుపరిచితమైన విహారస్థలం. ఆ ఉద్యానవనపు ఒక అంచున పూర్వం బ్లాక్ టామ్ అనే రేవు ఉండేది. మొదటి ప్రపంచ యుద్ధకాలంలో మిత్రరాజ్యాల సైన్యాలకు పంపటానికి అక్కడ నిలువచేసిన సుమారు 20 లక్షల పౌన్ల మందుగుండు, 1916 జూలై 30న, అర్ధరాత్రి దాటిన కొద్ది గంటలకు, జర్మన్ గూఢచారుల కుట్రవలన ప్రేలిపోయినది. స్వాతంత్ర్య దేవత విగ్రహానికి కూడా దెబ్బ తగిలినది. ఆ దేవత దివిటీలోనికి సందర్శకులను నాటినుండి నేటివరకు అనుమతించుటలేదు.

అదే యుద్ధంలో విమానం ముఖ్యమైన ఆయుధమైనది. ఆనాటి విమానాలలో నేడు మిగిలినవి బహుకొద్ది. అందుచేత ఔత్సాహికులు పాత నమూనాలను చూచి కొత్త విమానాలను నిర్మించి, తుపాకుల మోతతో సహా ప్రదర్శిస్తున్నారు. ఇటువంటి ప్రతిరూపంలో ఏది అసలుదై ఉండాలి, ఏది నటనగా ఉండాలి అన్న ప్రశ్నలో చక్కని విజ్ఞానశాస్త్రం ఇమిడి ఉన్నది.

ముందుగా ఆనాటి చిక్కును గమనిద్దాము. పైలట్ సూటిగా గురిపెట్టాలంటే తుపాకి అతని ఎదుట ఉండాలి. కాని అక్కడ ప్రొపెల్లరు తిరుగుతూ ఉంటుంది. నిమిషానికి 1200 చుట్లు తిరిగే రెండు రెక్కల ప్రొపెల్లరు, తుపాకి గొట్టం ముందుగా సెకనుకు 40 సార్లు అడ్డు వస్తుంది. ఫ్రెంచి వైమానికుడు రోలాండ్ గారోస్ 1915లో ప్రొపెల్లరుకు ఉక్కు పలకలు తొడిగి, తగిలిన గుండ్లు ప్రక్కకు జారిపోయే ఏర్పాటు చేసికొన్నాడు. అదే సంవత్సరం ఆంథొనీ ఫాకర్ సంస్థ ఇంతకన్న మేలైన ఉపాయాన్ని అమలులో పెట్టినది. ఇంజనుతోపాటు తిరిగే ఒక మిట్టచక్రం, ప్రొపెల్లరు రెక్క అడ్డులేని క్షణంలో మాత్రమే తుపాకిని ప్రేలనిస్తుంది.

ఈ ఫాకర్ డచ్చి జాతీయుడు. యుద్ధానంతరం అమెరికాకు వలసవచ్చి, జెర్సీ సిటీకి ఉత్తరాన, ఎంతో దూరంలేని టెటర్‌బరోలో 1920ల దశకంలో విమానాల కర్మాగారాన్ని నడిపినాడు. 1939లో న్యూయార్కులో మరణించినాడు.

ఆయన పేరుతో వెలసిన విమానాలలో ప్రసిద్ధమైనది 1917 నాటి మూడంతస్తుల రెక్కల డి.ఆర్. 1. జర్మన్ యోధుడు రిఖ్తోఫెన్ 1918 ఏప్రిల్ 21న మరణించినది ఈ రకపు విమానంలోనే. మొత్తం 320 తయారైనా అసలు విమానం నేడు ఒక్కటి కూడా మిగలలేదు. లోకంలో ఎక్కడ డి.ఆర్. 1 ఎగిరినా అది ప్రతిరూపమే.

దీని దేహం ఉక్కు గొట్టాలను అతికి చేసిన చట్రం. రెక్కలకు కొయ్య దూలాలు, పలుచని ప్లైవుడ్ పక్కటెముకలు ఉంటాయి. వాటిపై గుడ్డను బిగించి లేపనం పూస్తే అది డోలు చర్మంవలె బిగుసుకొంటుంది. నాటి నారగుడ్డకు బదులు నేడు పాలియెస్టరు వాడటం పరిపాటి. ఈ భాగాలలో నటనకు తావులేదు. గాలి ఒత్తిడికి అసలు, నకలు అన్న భేదం తెలియదు.

ఇంజను విషయం మరింత వింతైనది. నాటి రోటరీ ఇంజనులో ఇరుసు కదలదు, సిలిండర్లే ప్రొపెల్లరుతోపాటు గిరగిర తిరుగుతాయి. దీనికి కందెనగా వాడినది మన ఆముదమే! ఆముదం పెట్రోలులో సులభంగా కరగదు కనుక లోపలి భాగాలపై జిడ్డు నిలుస్తుంది. ఆ ఇంజనులు అరుదైనందున అనేక ప్రతిరూపాలలో సిలిండర్లు కదలని ఆధునిక ఇంజనులనే అమరుస్తారు.

ఇక తుపాకి. 1986 నాటి చట్టం ప్రకారం అమెరికాలో ఆ తరువాత తయారైన మరతుపాకులు సామాన్య పౌరుల వద్ద ఉండరాదు. గుండు ప్రయోజనం ప్రదర్శనలో ఎటూ లేదు, కావలసినవి మెరుపు, మోత. నిజమైన తుపాకిలో మోతకు ముఖ్యకారణం, గొట్టంలో అణగియున్న వేడి వాయువులు ఒక్కసారిగా వెలికి ఉరకటమే. ప్రొపేను వాయువును ఆక్సిజనుతో కలిపి, చిన్న గదిలో స్పార్కు ప్లగ్గుతో అంటించినా అటువంటి ఒత్తిడి తరంగమే పుడుతుంది. అసలు తుపాకి నిమిషానికి సుమారు 450 సార్లు, అనగా సెకనుకు ఏడున్నర సార్లు ప్రేలుతుంది. కనుక వాయువులు నిండటం, అంటుకోవటం, ఖాళీ కావటం అంతా సెకనులో ఏడవ వంతుకన్న తక్కువ కాలంలో ముగియాలి.

ఈ పద్ధతిలో అపాయమూ ఉన్నది. ఒత్తిడిలోనున్న ఆక్సిజనుకు నూనె జిడ్డు తగిలితే దానంతట అదే మంట పుట్టవచ్చును. గుడ్డ, కొయ్య, పెట్రోలు గల విమానంలో ఇది చిన్న విషయం కాదు. సిలిండరు బరువువలన విమానపు గరిమనాభి కూడా మారుతుంది. అందుచేత ఇది నిపుణుల పర్యవేక్షణ లేనిదే ఎవరూ తలపెట్టరాని పని.

రెండవ మార్గం, గొట్టంలో మిణుకుమనే దీపం ఉంచి, ముద్రిత ధ్వనిని లౌడ్‌స్పీకరుద్వారా వినిపించటం. ఇది క్షేమమైనది, కాని ఇంజను హోరును మించి భూమిమీదివారికి వినిపించటం కష్టం. స్పీకరును మైదానంలో పెడితే మరొక చిక్కు వస్తుంది. ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది కనుక, 680 మీటర్ల దూరంలో మెరుపు కనిపించిన రెండు సెకనుల తరువాతగాని మోత వినిపించకూడదు. ఉరుము, మెరుపులను గమనించిన పిల్లలు ఈ తేడాను ఇట్టే పసిగడతారు.

తుపాకి నటన అయినా ప్రయాణం నిజమే. ఇటువంటి స్వయంనిర్మిత విమానాన్ని ఫెడరల్ విమానయాన శాఖ ప్రయోగాత్మక వర్గంలో చేరుస్తుంది. నిర్మాణంలో సగానికి మించిన పని ఔత్సాహికులు విద్యార్థమో వినోదార్థమో స్వయంగా చేసినదై ఉండాలి. తనిఖీ జరిగిన పిమ్మట కూడా ముందు నిర్ణీత ప్రాంతంలో పరీక్షార్థం ఎగిరి చూపాలి.

ఈ విద్యను కన్నులార చూడదలచినవారు హడ్సన్ నది వెంట ఉత్తరంగా సుమారు వంద మైళ్ళు వెళితే ఓల్డ్ రైన్‌బెక్ ఏరోడ్రోమ్ చేరవచ్చును. దాని స్థాపకుడు కోల్ పాలెన్, నేడు పెద్ద మాల్ ఉన్న లాంగ్ ఐలండ్‌లోని రూజ్వెల్ట్ ఫీల్డులో 1951లో ఆరు పాత విమానాలను కొని, 1959లో రైన్‌బెక్‌లో పొలం సంపాదించి ప్రదర్శనలు ఆరంభించినాడు. ఫాకర్ మూడు రెక్కల విమానపు ప్రతిరూపాన్ని స్వయంగా నిర్మించి, వీధినాటకంలో ప్రతినాయకునివలె బ్లాక్ బేరన్ వేషం ధరించి జనాన్ని నవ్వించేవాడు. ఆయన 1993లో మరణించినా ప్రదర్శనలు ఆగలేదు.

ఈ వేసవిలో పిల్లలను అక్కడికి తీసికొనిపోయే తల్లిదండ్రులు, ముందుగా బ్లాక్ టామ్ స్థలాన్ని కూడా చూపించవలెను. ఒకచోట నిజమైన మందుగుండు చేసిన పని తెలుస్తుంది. రెండవచోట అదే యుద్ధపు యంత్రకౌశలాన్ని, ఎవరికీ హాని లేకుండా, తరువాతి తరాలకు ఎట్లు అందింపవచ్చునో తెలుస్తుంది.