అమెరికాలో ఇళ్ళ కొరత - గృహ కొనుగోలు మార్గాలు

అమెరికా సంయుక్త రాష్ట్రాలలో ఒక ప్రాంతంలో ఇల్లు కొనదలచినవారి సంఖ్యకు తగినన్ని ఇళ్ళు అమ్మకానికి లేని స్థితిని ఇళ్ళ కొరత అంటారు. ఇటువంటి విపణిలో ఒకే ఇంటికి పలువురు పోటీ పడతారు. యజమాని అడిగిన ధర కంటే ఎక్కువకు ఇల్లు అమ్ముడుపోతుంది. కొనుగోలుదారునికి ఆలోచించుకొనే వ్యవధి తగ్గిపోతుంది. సాధారణంగా 30 సంవత్సరాల పాటు తీర్చవలసిన ఋణం గురించి ఒకటి రెండు రోజులలోనే నిర్ణయం తీసుకోవలసి రావడం ఇందులోని ప్రధానమైన చిక్కు. కొరత కొంత కాలానికి తీరవచ్చును గాని, ఆ తొందరలో సంతకం చేసిన ఒప్పందం మాత్రం మిగిలిపోతుంది.

కొరతను కొలిచే విధానం

అమ్మకానికి ఉన్న ఇళ్ళ సంఖ్యను నెలకు అమ్ముడయ్యే ఇళ్ళ సంఖ్యతో భాగిస్తే "నెలల సరఫరా" వస్తుంది. ఉదాహరణకు ఒక పట్టణంలో 300 ఇళ్ళు అమ్మకానికి ఉండి, నెలకు 100 ఇళ్ళు అమ్ముడవుతుంటే అక్కడ మూడు నెలల సరఫరా ఉన్నట్లు లెక్క. ఐదు, ఆరు నెలల సరఫరా ఉంటే కొనేవారికి, అమ్మేవారికి సమతౌల్యం ఉన్నదని సాధారణంగా భావిస్తారు. 2022 ఆరంభంలో దేశం మొత్తం మీద అమ్మకానికి ఉన్న పాత ఇళ్ళు 9 లక్షల కంటే తక్కువ. అది రెండు నెలలకు కూడా చాలని సరఫరా.

దేశం మొత్తానికి చెప్పే సంఖ్య ఒక ఊరికి వర్తించకపోవచ్చును. 2025 నాటికి టెక్సాస్, ఫ్లోరిడా రాష్ట్రాలలో అమ్మకానికి ఉన్న ఇళ్ళు 2019 నాటి స్థాయిని దాటాయి. న్యూ జెర్సీ, కనెక్టికట్ వంటి ఈశాన్య రాష్ట్రాలలో కొరత కొనసాగింది. కావున కొనుగోలుదారుడు ముందుగా తాను కొనదలచిన ఊరి లెక్క తెలుసుకోవాలి.

కారణాలు

మొదటిది నిర్మాణాల తగ్గుదల. 2005లో దేశంలో 20 లక్షలకు పైగా గృహ నిర్మాణాలు ప్రారంభం కాగా, గృహ ఋణ సంక్షోభం తరువాత 2009లో ఆ సంఖ్య సుమారు 5.5 లక్షలకు పడిపోయింది. ఆ తరువాత చాలా సంవత్సరాలు నిర్మాణాలు మందకొడిగానే సాగాయి.

రెండవది స్థల వినియోగ నిబంధనలు. అనేక నగరాలలో నివాస స్థలాలలో అధిక భాగం ఒక్క కుటుంబం నివసించే విడి ఇళ్ళకే కేటాయించబడింది. మినియాపోలిస్ నగరపాలక మండలి 2018లో ఆమోదించిన ప్రణాళిక, ఒరెగాన్ 2019లోను, కాలిఫోర్నియా 2021లోను చేసిన చట్టాలు ఈ నిబంధనలను కొంత సడలించాయి.

మూడవది వడ్డీ రేట్లలోని మార్పు. 30 సంవత్సరాల స్థిర వడ్డీ ఋణంపై సగటు రేటు 2021 జనవరిలో 2.65 శాతానికి తగ్గి, 2023 అక్టోబరులో 7.79 శాతానికి పెరిగింది. 4 లక్షల డాలర్ల ఋణానికి 3 శాతం వడ్డీపై నెలసరి వాయిదా సుమారు 1,686 డాలర్లు, 7 శాతం వడ్డీపై సుమారు 2,661 డాలర్లు. పాత రేటుకు ఋణం పొందినవారు ఇల్లు అమ్మి వేరొక ఇల్లు కొంటే అంతే ఋణానికి నెలకు దాదాపు 975 డాలర్లు అదనంగా చెల్లించవలసి వస్తుంది. అందువలన వారు అమ్మడం మానుకున్నారు. 2023, 2024 సంవత్సరాలలో అమ్ముడైన పాత ఇళ్ళు ఏటికి సుమారు 41 లక్షలు మాత్రమే. 1995 తరువాత ఇంత తక్కువ అమ్మకాలు జరగలేదు.

పోటీ బేరం - షరతులు

అమెరికాలో కొనుగోలుదారుడు తన ధరను, షరతులను వ్రాతపూర్వకంగా ప్రతిపాదించి, బయానా సొమ్ము జమ చేస్తాడు. షరతులలో ఏదైనా నెరవేరకపోతే బయానా తిరిగి పొంది విరమించుకొనే హక్కు అతనికి ఉంటుంది. ఈ షరతులను అక్కడ కంటింజెన్సీలు అంటారు. పోటీ ఎక్కువగా ఉన్నపుడు వీటిని వదులుకోమని కొనుగోలుదారునిపై ఒత్తిడి వస్తుంది. ముఖ్యమైన షరతులు మూడు.

తనిఖీ షరతు: ఇంటి పునాది, పైకప్పు, విద్యుత్తు, నీటి గొట్టాలు మొదలైనవాటిని నిపుణుని చేత పరీక్షింపజేసే హక్కు ఇది. దీనిని పూర్తిగా వదులుకొంటే, తరువాత బయటపడే లోపాలకు అయ్యే ఖర్చు సాధారణంగా కొన్నవారిపైనే పడుతుంది. పూర్తిగా వదులుకొనే బదులు తనిఖీ గడువును తగ్గించుకోవచ్చును. యజమాని అంగీకరిస్తే ధర ప్రతిపాదించక ముందే తనిఖీ చేయించవచ్చును. చిన్న మరమ్మతులు అడగబోమని, పెద్ద లోపం ఉంటేనే విరమించుకొంటామని వ్రాయవచ్చును. 1978కి ముందు కట్టిన ఇళ్ళలో సీసం కలిసిన రంగులు ఉండే అవకాశం ఉన్నందున, తమకు తెలిసిన వివరాలను అమ్మేవారు వెల్లడించాలని సమాఖ్య చట్టం నిర్దేశిస్తున్నది. తనిఖీ వదులుకొంటేనే ఇల్లు అమ్ముతామని యజమానులు షరతు పెట్టకుండా మసాచుసెట్స్ రాష్ట్రంలో 2025 అక్టోబరు నుండి నిబంధన అమలులోకి వచ్చింది.

విలువ నిర్ధారణ షరతు: బ్యాంకు ఒప్పంద ధర, నిర్ధారిత విలువలలో ఏది తక్కువో దాని ఆధారంగానే ఋణం ఇస్తుంది. 5 లక్షల డాలర్లు అడిగిన ఇంటికి పోటీలో 5 లక్షల 40 వేలు ఒప్పుకొన్నారనుకొందాం. ఇంటి విలువ 5 లక్షల 10 వేలుగా తేలితే, 80 శాతం చొప్పున బ్యాంకు ఇచ్చేది 4 లక్షల 8 వేలు. కొనుగోలుదారుడు సొంతంగా 1 లక్షా 8 వేలు తెస్తే చాలుననుకొన్నచోట 1 లక్షా 32 వేలు తేవలసి వస్తుంది. అదనపు 24 వేల డాలర్లు చేతిలో లేనివారు ఈ షరతు వదులుకొంటే బయానా పోగొట్టుకొనే ప్రమాదం ఉన్నది.

ఋణ షరతు: బ్యాంకు ఋణం ఇవ్వకపోతే విరమించుకొనే హక్కు ఇది. సొంత సొమ్ముతో కొనగలవారు తప్ప ఇతరులు దీనిని వదులుకోవడం క్షేమం కాదు. ఆదాయ పత్రాలను బ్యాంకు ముందుగానే పూర్తిగా పరిశీలించి ఇచ్చిన ఆమోదం ఉంటే, ఈ షరతు ఉన్నా అమ్మేవారికి నమ్మకం కలుగుతుంది.

ఇతరుల ధర కంటే కొంత మొత్తం ఎక్కువ చొప్పున, ఒక పరిమితి వరకు ఇస్తామని వ్రాసే నిబంధన కూడా వాడుకలో ఉన్నది. దీనివలన కొనుగోలుదారుని గరిష్ఠ పరిమితి అమ్మేవారికి ముందే తెలిసిపోతుంది.

అపాయం లేకుండా ఇవ్వగలిగిన సౌకర్యాలు కూడా ఉన్నాయి. యజమానికి అనుకూలమైన రిజిస్ట్రేషను తేదీకి అంగీకరించడం, అమ్మిన తరువాత కొన్ని వారాలు అదే ఇంట్లో అద్దెకు ఉండనివ్వడం అటువంటివి. వేరొక ఇల్లు వెతుక్కోవలసిన యజమానికి కొన్నిసార్లు కొన్ని వేల డాలర్ల కంటే ఈ వెసులుబాటే ముఖ్యమవుతుంది.

ఇతర మార్గాలు

కొత్త ఇళ్ళు: నిర్మాణ సంస్థలు తమ ఇళ్ళను సాధారణంగా వేలం పద్ధతిలో అమ్మవు. వడ్డీ రేటు కొంత తగ్గేలా తామే సొమ్ము చెల్లించే సంస్థలు కూడా ఉన్నాయి. అయితే అమ్మకపు కార్యాలయంలోని ఉద్యోగి సంస్థ తరఫు వ్యక్తి అని గుర్తుంచుకోవాలి. కొత్త ఇంటికి కూడా తనిఖీ అవసరమే.

మరమ్మతు అవసరమైన ఇళ్ళు: వీటికి పోటీ తక్కువ. కొనుగోలు, మరమ్మతు రెండింటికీ కలిపి ఇచ్చే ఋణ పథకాలు ఉన్నాయి.

వరుస ఇళ్ళు, కాండోమినియంలు: ధర తక్కువైనా, నివాసుల సంఘానికి నెలనెలా రుసుము చెల్లించాలి. 2021 జూన్‌లో ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్‌లో ఒక కాండోమినియం భవనం కూలి 98 మంది మరణించారు. తరువాతి సంవత్సరం ఆ రాష్ట్రం పాత భవనాల తనిఖీని, మరమ్మతు నిధిని తప్పనిసరి చేసింది. సంఘం నిధి ఎంత ఉన్నదో, పెద్ద మరమ్మతులు రానున్నవో చూడకుండా కాండోమినియం కొనరాదు.

పాత ఋణం బదిలీ: ఎఫ్.హెచ్.ఎ., వి.ఎ. ఋణాలను అర్హత గల కొనుగోలుదారుడు పాత వడ్డీ రేటుకే తన పేరిట మార్చుకోవచ్చును. మిగిలిన ఋణానికి, ఇంటి ధరకు మధ్య గల తేడాను సమకూర్చుకోవాలి. సాధారణ బ్యాంకు ఋణాలలో అధిక భాగానికి ఈ వీలు లేదు.

వేచి ఉండటం: అద్దె ఇంట్లో కొనసాగడం కూడా ఒక మార్గమే. పైన చెప్పిన 7 శాతం ఋణంలో మొదటి నెల వాయిదాలో సుమారు 2,333 డాలర్లు వడ్డీకి పోగా, 328 డాలర్లు మాత్రమే అసలుకు జమ అవుతాయి. రెండు సంవత్సరాలలో సుమారు 63,870 డాలర్లు కట్టినా అసలులో తగ్గేది దాదాపు 8,400 డాలర్లే. అందుచేత త్వరలో ఊరు మారవలసినవారికి, అమ్మకపు ఖర్చులు కూడా కలుపుకొంటే, అద్దె నష్టం కాకపోవచ్చును.

తెలుగువారికి సంబంధించిన విషయాలు

న్యూ జెర్సీలోని ఎడిసన్, టెక్సాస్‌లోని డల్లాస్ పరిసర పట్టణాలు మొదలైన చోట్ల తెలుగువారు అధికంగా నివసిస్తున్నారు. వీరిలో చాలామంది హెచ్-1బి వీసాపై పనిచేసేవారు. ఈ వీసాదారులు ఇల్లు కొనడానికి దేశవ్యాప్త నిషేధమేమీ లేదు. సాధారణ బ్యాంకు ఋణాలు కూడా పొందవచ్చును. అయితే 3.5 శాతం ముందస్తు చెల్లింపుతో లభించే ఎఫ్.హెచ్.ఎ. ఋణాలకు, శాశ్వత నివాసం లేనివారిని 2025 మే నెల నుండి అనర్హులను చేశారు.

ఉద్యోగం పోయినపుడు హెచ్-1బి వీసాదారునికి గరిష్ఠంగా 60 రోజుల గడువు మాత్రమే ఉంటుంది. ఆలోగా వేరే ఉద్యోగం గాని, మరొక మార్గం గాని దొరకకపోతే దేశం విడిచి వెళ్ళవలసి రావచ్చును. కావున వీరు చేతిలోని సొమ్మంతా ముందస్తు చెల్లింపులో పెట్టకుండా, కొన్ని నెలల వాయిదాలకు సరిపడా విడిగా ఉంచుకోవడం మంచిది.

వాస్తు పట్టింపు మరొక విషయం. తూర్పు ముఖంగా ఉన్న ఇల్లే కావాలనుకొనేవారికి, అసలే తక్కువగా ఉన్న ఇళ్ళలో ఎంపిక మరింత కుంచించుకుపోతుంది. ఇటువంటివారికి పాత ఇళ్ళ పోటీ కంటే, స్థలాన్ని ముందుగా ఎంచుకొనే వీలున్న కొత్త నిర్మాణాలు అనుకూలం.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

2024 ఆగస్టు 17 నుండి అమల్లోకి వచ్చిన నియమాల ప్రకారం, ఏజెంటుతో కలిసి ఇల్లు చూడడానికి ముందే అతని రుసుమును తెలిపే వ్రాతపూర్వక ఒప్పందం చేసుకోవాలి. ఆ రుసుము బేరమాడి నిర్ణయించుకోదగినది. ముందస్తు చెల్లింపు 20 శాతం కంటే తక్కువైతే సాధారణ బ్యాంకు ఋణంపై ప్రైవేటు గృహ ఋణ బీమా చెల్లించవలసి ఉంటుంది. 1998 నాటి చట్టం ప్రకారం, అసలు మొత్తం ఇంటి తొలి విలువలో 80 శాతానికి తగ్గినపుడు దానిని రద్దు చేయమని కోరవచ్చును. వాయిదాలు సక్రమంగా కట్టేవారికి 78 శాతం వద్ద అది దానంతటదే రద్దవుతుంది.

ఇల్లు చూడక ముందే గరిష్ఠ ధరను, చేతిలో మిగుల్చుకోవలసిన సొమ్మును, వదులుకోరాని షరతులను కాగితంపై వ్రాసుకొని, పోటీ జరిగే రోజున వాటిని మార్చకపోవడం ఉత్తమం. ఒక ఇల్లు చేజారితే మరొకటి అమ్మకానికి వస్తుంది. శక్తికి మించిన ఋణాన్ని వదిలించుకోవడం మాత్రం అంత సులభం కాదు.