ఇంట్లోనే పదో తరగతి: ఏ పుస్తకాలు కొనాలి?

అమ్మాయిని ఇంట్లోనే పదో తరగతి చదివిస్తున్నారా? ఓపెన్ స్కూల్లో పరీక్ష రాయించొచ్చు, 14 ఏళ్లు నిండితే చాలు. ఇంటర్లో చేరాలంటే పది సర్టిఫికెట్ కావాల్సిందే కదా! అందుకే ముందు ఆ సిలబస్ పుస్తకాలే తెచ్చుకోండి. గైడ్ల జోలికెళ్లకండి, అవి చదివితే పెద్దవాళ్లకే నిద్రొస్తుంది.

ఆపైన చరిత్ర పాఠానికో సాహిత్య పుస్తకం జోడించండి. నిజాం కాలానికి వట్టికోట ఆళ్వారుస్వామి నవల 'ప్రజల మనిషి' పెడితే, వెట్టి అంటే ఏంటో బట్టీ పట్టకుండానే బోధపడుతుంది. సాయుధ పోరాటానికి 1986లో వచ్చిన 'మనకు తెలియని మన చరిత్ర' ఇవ్వండి. అందులో ఉద్యమంలో నడిచిన ఆడవాళ్లే మాట్లాడతారు. నవల, జ్ఞాపకం, పాఠం ఎక్కడ కలవట్లేదో అమ్మాయినే రాయమనండి.

బన్సీలాల్‌పేటలో ఉన్నారా? 2022 డిసెంబరులో బాగుచేసి తెరిచిన పాత మెట్లబావికి తీసుకెళ్లండి. ఇక్కడ నీళ్లు తోడిందెవరు, మోసిందెవరు అని అడగండి. జవాబు తననే వెతకనివ్వండి.