ఎర్ర గీత కనిపించనప్పుడు

కాగితంపై ఉత్తరాలు నడిచిన రోజుల్లో చిత్తుప్రతి టైపిస్టు చేతికి, అక్కడి నుండి అధికారి బల్ల మీదికి వెళ్ళి, తప్పులు దిద్దుకొని వచ్చేది. నేడు వెబ్‌మెయిల్‌లో రాసినవారే పంపుతున్నారు. మధ్యన మిగిలిన పరిశీలకుడల్లా తప్పు మాట కింద ఎర్రని అలల గీత గీసే స్పెల్ చెకర్ మాత్రమే. ఒకనాడు అది పనిచేయడం మానివేస్తే ఉత్తరం మరింత శుభ్రంగా కనిపిస్తుంది! తప్పులు లేకపోవడానికీ, తనిఖీయే లేకపోవడానికీ పైకి తేడా తెలియదు. చిక్కంతా అక్కడే ఉంది.

లైనులో కరెంటు లేదని నిర్ధారించుకొనే ముందు విద్యుత్ విభాగపు సహోద్యోగులు టెస్టరును కరెంటు ఉన్నచోట పెట్టి చూస్తారు. అది వెలిగిన తరువాతనే దాని మాట నమ్ముతారు. ఇక్కడా అదే పద్ధతి మేలని మా అభిప్రాయం. ఉత్తరం రాసే పెట్టెలో ‘రిసీవ్’ అనే ఇంగ్లీషు మాటను ఈ, ఐ అక్షరాలు తారుమారు చేసి టైపు చేయాలి. గీత పడితే పరికరం క్షేమం. ఈ పరీక్షను సబ్జెక్టు గడిలో చేయరాదు. 2006 నుండి ఫైర్‌ఫాక్స్‌లో ఈ సదుపాయం ఉన్నప్పటికీ, మామూలు అమరికలో అది పలు వరుసల పెట్టెలనే తనిఖీ చేస్తుంది. సబ్జెక్టు గడి వంటి ఒక వరుస పెట్టెను విడిచిపెడుతుంది.

గీత పడకపోతే అదే మాటను మరొక వెబ్‌సైటులోని పెద్ద పెట్టెలో రాసి చూడాలి. అక్కడ గీత పడితే లోపం వెబ్‌మెయిల్ పేజీది. తనిఖీ చేయవద్దని బ్రౌజరును ఆదేశించే వీలు పేజీ తయారుచేసినవారికి ఉంటుంది. ఎక్కడా పడకపోతే లోపం బ్రౌజరుది. ఫైర్‌ఫాక్స్‌లో పెట్టెపై కుడి క్లిక్ చేసి ‘చెక్ స్పెల్లింగ్’ ఎదుట టిక్కు ఉన్నదా, ‘లాంగ్వేజెస్’ కింద ఇంగ్లీషు నిఘంటువు ఉన్నదా చూడాలి. నిఘంటువే లేకపోతే ఏ మాటకూ గీత పడదు. వేరే భాషది ఎంపికై ఉంటే దాదాపు ప్రతి మాటకూ పడుతుంది. క్రోమ్‌లో సెట్టింగ్స్‌లోని భాషల విభాగాన్ని చూడాలి. అప్పటికీ ఫలితం లేకపోతే ఎక్స్‌టెన్షన్లను ఆపి చూడాలి. ఒక్కసారికి ఒక్క మార్పే చేయాలి. లేకుంటే ఏది కారణమో తేలదు.

క్రోమ్‌లో మరొక జాగ్రత్త అవసరం. అందులో సాధారణ తనిఖీ, మెరుగైన తనిఖీ అని రెండు రకాలున్నాయి. రెండవదానిని ఎంచుకుంటే మనం టైపు చేసినది గూగుల్ సర్వర్లకు వెళుతుంది. టెండరు ధరలు, సిబ్బంది వివరాలు రాసేవారు సాధారణ తనిఖీతో సరిపెట్టుకోవడం క్షేమం.

గీత తిరిగి వచ్చినా దాని పరిధి స్వల్పమే. ‘బిల్లు ఆమోదించబడలేదు’ అని రాయబోయి ‘నాట్’కు బదులు ‘నౌ’ అని కొడితే, అదీ నిఘంటువులోని మాటే గనుక గీత పడదు. బిల్లు మాత్రం ఆమోదం పొందినట్లే చదివేవారు గ్రహిస్తారు. అందుచేత అంకెలు, తేదీలు, ‘నాట్’ ఉన్న వాక్యాలు పంపే ముందు మరొకరి చేత చదివించడం మంచిది. ఇంట్లో పిల్లలు ఉద్యోగ దరఖాస్తు పంపేటప్పుడు ఆ పని పెద్దలు చేయవచ్చు.