నెమలి ఈకకు మినహాయింపు.. దుప్పి కొమ్ముకు లేదు

పాతబస్తీ (హైదరాబాద్): దర్గాల వద్ద ఫకీర్లు భక్తుల తలపై ఆనించి దీవించే నెమలి ఈకల కుంచె చట్టసమ్మతమే. పాత దేవిడీల గోడలకు వేలాడే దుప్పి కొమ్ములకు ధ్రువపత్రం లేకుంటే మాత్రం యజమానిపై కేసు తప్పదు. ఈక ఏటా రాలుతుంది, దుప్పి కొమ్మూ రాలుతుంది. అయినా వన్యప్రాణి సంరక్షణ చట్టం (1972) ఈ రెంటినీ ఒకే దృష్టితో చూడదు.

ఈకకే ఎందుకు?
నెమలి 1963 నుంచి జాతీయ పక్షి. చట్టం మొదటి షెడ్యూలులో ఉంది. అయినప్పటికీ దాని తోక ఈకలకు, వాటితో చేసిన వస్తువులకు దేశంలో అమ్మకాల నిషేధం నుంచి చట్టమే మినహాయింపునిచ్చింది. బతికిన పక్షి నుంచి ఈక పెరికితే అది వేట కిందికే వస్తుంది. విదేశాల్లో గాలాలకు కట్టే కృత్రిమ ఈగల తయారీలో నెమలి ఈకలకు గిరాకీ ఉన్నా, వాటి ఎగుమతి నిషిద్ధం.

తాతల నాటివైనా..
పులి చర్మం, కొమ్ములు, గోళ్లు, దంతపు వస్తువులు వేటగాళ్ల నుంచి కొన్నవి కావని, పూర్వీకులవని చెబితే సరిపోదు. అవి సక్రమంగా వచ్చినవేనని రుజువు చేసుకునే భారం యజమానిదే. వివరాలు వెల్లడించేందుకు 2003లో కేంద్రం 180 రోజుల గడువిచ్చింది. అది ఆ ఏడాదే ముగిసింది. ధ్రువపత్రం ఉన్నవారు సైతం వాటిని అమ్మరాదు. దేశీయ ఏనుగు దంతాల వ్యాపారం 1986లోనూ, ఆఫ్రికా దంతాల వ్యాపారం 1991లోనూ నిషేధానికి గురయ్యాయి.

శిక్ష ఇలా..
2023 ఏప్రిల్‌ 1 నుంచి అమల్లోకి వచ్చిన సవరణ ప్రకారం మొదటి షెడ్యూలు జీవుల విషయంలో మూడు నుంచి ఏడేళ్ల జైలు, కనీసం రూ.25 వేల జరిమానా విధిస్తారు. ఇతర ఉల్లంఘనలకు మూడేళ్ల వరకు జైలు లేదా రూ.లక్ష వరకు జరిమానా, లేదా రెండూ ఉంటాయి.

వారసులు ఏం చేయాలి?
ఇలాంటి వస్తువు వారసత్వంగా సంక్రమిస్తే 90 రోజుల్లోగా రాష్ట్ర ముఖ్య వన్యప్రాణి సంరక్షణాధికారికి తెలియజేయాలి. అటవీశాఖ ప్రధాన కార్యాలయం సైఫాబాద్‌లోని అరణ్యభవన్‌లో ఉంది. ధ్రువపత్రం ఉండీ వస్తువు అక్కర్లేదనుకునేవారు ఏడు పనిదినాల ముందు నోటీసు ఇచ్చి అప్పగించవచ్చు. అందుకు పరిహారం మాత్రం రాదు. పాత ఇల్లు అమ్మే ముందో, సామాను పంచుకునే ముందో గోడల వైపు ఒకసారి చూసుకోవడం మేలు.